నాలుగో స్క్రూ

కంప్యూటరు మూత విప్పి, ర్యామ్ ముక్కను పీకి, దాని పసుపుపచ్చ పళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్దుతున్నాడు మెకానిక్కు. రాలిన పొట్టును నోటితో ఊదలేదు. తడి తగులుతుందని బ్రష్షుతో దులిపాడు. మళ్ళీ గుచ్చి బటన్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది, తెరమీద కంపెనీ గుర్తు వెలిగింది, అక్కడే కొయ్యబారిపోయింది.

"ఏమంటోంది అబ్బాయ్?" అంది బల్ల అవతల కూర్చున్న పెద్దావిడ.

"ఇంకా నోరు విప్పట్లేదమ్మా."

"అయితే ఈయనలాగే తయారైందన్నమాట," అంటూ పక్కనున్న భర్తను మోచేత్తో పొడిచింది.

పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వుకు చప్పుడు లేదు. మూడేళ్ళ క్రితం ఆపరేషన్ చేసి ఆయన స్వరపేటిక తీసేశారు. అంతకుముందు నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసిన మనిషి. మెకానిక్కు చేతికి మొదటిసారి సోల్డరింగ్ ఐరన్ ఇచ్చింది ఆయనే.

ఆపరేషన్‌కు ముందు పదిహేను రోజులు ఈ కంప్యూటరు ముందు కూర్చుని, ముందు ముందు అవసరపడే మాటలన్నీ తన గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకున్నాడాయన. మూడొందల పైచిలుకు. కావాల్సిన మాట మీద నొక్కితే ఇల్లంతా వినపడేది. ఇంకో కాపీ తీసి పెట్టుకోమని ఎంతమంది చెప్పినా వినలేదు. ఫోన్లు జేబుల్లోంచి జారిపోతాయి, బల్ల మీద పెట్టె ఎక్కడికీ పోదన్నది ఆయన లెక్క.

"వాటిల్లో నన్ను తిట్టేవే నలభై," అందావిడ. "తిట్లు తిని వారమైంది. ఇల్లు ఇల్లులా లేదు. పెట్టె ఏమైపోయినా ఫర్లేదు, ఆ మాటలు మాత్రం దక్కించు నాయనా."

"చూస్తానమ్మా. సాయంత్రం రండి."

వాళ్ళు వెళ్ళాక హార్డ్ డిస్కు మీద చెవి ఆనించాడు. లోపల ఎవరో గోటితో గీరుతున్నట్టు టిక్కు, టిక్కు. కరెంటు సరిగ్గా అందక కొట్టుకుంటోందేమో అనుకున్నాడు. పవర్ సప్లై మార్చాడు. డిస్కు కేబుల్ మార్చాడు. మళ్ళీ బటన్ నొక్కాడు. ఈసారి కంప్యూటరు లేచింది.

తెర నిండా ఫోల్డర్లు. 'వంటింటి మాటలు', 'డాక్టరు దగ్గర', 'దీనిమీద కోపం వస్తే'. చివరిదాన్ని తెరిచి, చేతికందిన మాట మీద నొక్కాడు.

"తలుపేసి తగలడు! దుమ్మంతా లోపలికే!"

మెకానిక్కు ఉలిక్కిపడి తన కొట్టు తలుపు వైపు చూశాడు. చూసి, ఒక్కడే పగలబడి నవ్వాడు. రోగం కేబుల్‌దేనని తేలిపోయిందనుకున్నాడు. నిన్నగాక మొన్న పని నేర్చినవాడైనా ఆ క్షణంలో ముందు కాపీ తీసి, తర్వాతే మిగతాది చూసేవాడు. ఇతనికి మాత్రం గురువుగారి మాట గుర్తొచ్చింది: 'పేగులు బయటపడ్డ పనిని ఎవరికీ చూపించకు. మూతేసి, స్క్రూలన్నీ బిగించి, మనిషి కళ్ళ ముందు వెలిగించి ఇవ్వు.' ఆయన దగ్గర నేర్చిన పని ఆయన పద్ధతిలోనే ఆయనకు అప్పజెప్పాలనిపించింది. కంప్యూటరు ఆపేశాడు. దుమ్ము తుడిచాడు. మూత వేశాడు. ఒక స్క్రూ కనపడకపోతే డబ్బా అంతా గాలించి, సరిపోయేది వెతికి మరీ నాలుగూ బిగించాడు.

సాయంత్రం ఇద్దరూ వచ్చి కూర్చున్నాక బటన్ నొక్కాడు.

టిక్కు. టిక్కు. టిక్కు.

మళ్ళీ లేవలేదు. మూత విప్పి చేయగలిగిందంతా చేశాడు. చేతకాక, పాడైన డిస్కుల్లోంచి ఫైళ్ళు తీసే ల్యాబుకు పంపాడు. లోపలి పళ్ళెం గీసుకుపోయింది, ఒక్క ఫైలు కూడా రాదని పన్నెండో రోజున తిప్పి పంపారు. పెట్టెలో కొత్త డిస్కు వేసి, కబురు పెట్టాడు.

వాళ్ళు రాగానే ఆ సంగతి చెప్పాడు. చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది.

"ఆ రోజు ఒకసారి లేచింది గురువుగారూ. మీ మాట కూడా విన్నాను. కాపీ తీయకుండా నేనే ఆపేశాను."

పెద్దాయన మెడలో వేలాడే చిన్న పలక తీసి రాశాడు. 'ఎందుకు?'

"మూత బిగిద్దామని."

పలక మీద ఇంకేదో రాయబోయిన సుద్దముక్క గాలిలోనే ఆగింది. కాసేపటికి ఆయన రాసిందాన్ని చొక్కా చేతితో తుడిచేశాడు.

పెద్దావిడ అడిగింది.

"ఏ మాట విన్నావు?"

"తలుపేసి తగలడమని."

"అది నాదే," అంది. నవ్వబోయింది, చేత కాలేదు. "దాన్ని నాలుగుసార్లు రికార్డు చేశాడు. కోపం చాలట్లేదట."

మెకానిక్కు తలెత్తలేదు. వైర్లు తగిలించి బటన్ నొక్కాడు. కంప్యూటరు ఎక్కడా ఆగకుండా అరనిమిషంలో లేచింది. తెర మీద ఒక్క ఫోల్డరూ లేదు. అది లేచేటప్పుడు మోగే సన్నటి సంగీతానికి పెద్దాయన ఒక చెవి ఒగ్గి, అయిపోయేదాకా విన్నాడు.

మెకానిక్కు దాన్ని ఆపి, వైర్లు ఊడదీశాక, పెద్దాయన పెట్టెను తనవైపు తిప్పుకుని స్క్రూల మీద బొటనవేలు వేసి ఒక్కొక్కటే తడిమాడు. నాలుగోదాని దగ్గర ఆగి, గోటితో తిప్పి చూశాడు. కదల్లేదు. గట్టిగానే ఉంది.

మెకానిక్కు పెట్టెను రెండు చేతులా ఎత్తి ఆయన చేతుల్లో పెట్టాడు.