మట్టిగుంట వెల

సిప్పరు నగరపు కోటగోడ వెలుపల, కాలువ వంపులోని మట్టిగుంటలో నుప్తాయ పాతికేళ్లుగా ఇటుకలు కోస్తోంది. మట్టిలో పొట్టు కలిపి తొక్కి తొక్కి ఆమె పాదాలకు కళ్లు మొలిచాయనేవారు తోటివాళ్లు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆమె తల వంచుకునేది.

ఆ గుంట ఇటుకలవాళ్లది మాత్రమే కాదు. ప్రేతం పట్టిన ఇంటివారి తరఫున మంత్రవేత్త సూర్యోదయాన అక్కడికి వచ్చి, చిటికెడు వెండి తునకలు బురదలో విసిరి, "ఓ మట్టిగుంటా, నీ వెల నీవు పుచ్చుకో, నీ మట్టి నాకియ్యి" అని వేడుకొని, పిడికెడు మట్టి తీసుకుపోయేవాడు. దానితో ప్రేతానికి బొమ్మ చేసి, దారిబత్తెం కట్టి, సూర్యుడైన షమషు దేవుని సాక్షిగా పాతాళానికి సాగనంపేవాడు. వెల చెల్లని మట్టికి ఏ ప్రేతమూ లొంగదు. సిప్పరులో పాలు తాగే బిడ్డకూ తెలిసిన ధర్మమిది.

నుప్తాయకూ తెలుసు. అయినా గోడ కూలి భర్త పోయిన కరువేట, చంకలోని పసివాడు లబాషి ఆకలికి ఏడవడం కూడా మానేసిన నాడు, మంత్రవేత్త వెనుదిరగగానే ఆమె కాలివేళ్లు బురదలో ఆ తునకలను వెదికాయి. ఆ పూట బిడ్డ రొట్టె తిన్నాడు. రుచి మరిగిన పాదం మరి ఆగలేదు. కరువు తీరినా రేపటి భయం తీరలేదు. తినగా మిగిలిన తునకలు కొంగుచివర మూటై పెరిగాయి.

"ఏం అత్తా, పనయిపోయినా నీ కాళ్లు గుంటను వదలవేం? మామ గాని అందులో దాక్కున్నాడా?" అని తోటి కూలి గగాయ అనే పడుచు వేళాకోళమాడేది.

"నీ నోట్లో మన్ను పడ! నీ పని చూసుకోవే."

లబాషి ఇరవయ్యో ఏట మంచం పట్టాడు. మిట్టమధ్యాహ్నం తండ్రి గుమ్మంలో నిలిచి పిలుస్తున్నాడని కలవరించేవాడు. నుప్తాయ మంత్రవేత్త రీముతు కాళ్లమీద పడి మూట చేతికిచ్చింది. మర్నాడు తొలివెలుగులో ఆయన గుంట అంచున నిలిచి తునకలు పైకెత్తాడు.

నుప్తాయ ఒక అడుగు ముందుకేసింది. గుంట సొత్తు గుంటకే చూపి బేరమా? నోరు మూసుకుంటే కొడుకు దక్కడు. తెరిస్తే ఊళ్లో పోయిన ప్రతి రోగి తాలూకు ఇల్లూ తన గుమ్మానికి వస్తుంది.

"ఆగండి సామీ! ఆ వెండి దీనిదే."

"దేనిది?"

"ఈ గుంటది. మీరేసిందే. మీ నాయన వేసిందీ ఉంది."

రీముతు చేయి గాలిలోనే నిలిచిపోయింది. తునకల వంక చూశాడు. "పోయిన వసంతంలో... నా కూతురు బతకాలని వేసింది?"

ఆమె నేలచూపు చూసింది. "అదీను."

ఆయన తిట్టలేదు, కొట్టలేదు. మూట మొత్తం బురదలో కుమ్మరించాడు. "ఇది దాని పాత బాకీ. నీ కొడుక్కి వెల వేరే కావాలి. నీ కష్టార్జితం తే. నేనొస్తాను, మాట తప్పను" అని, చెంపలమీది తడి తుడుచుకోకుండానే వెళ్లిపోయాడు.

మేస్త్రి కూలి బార్లీగానే కొలిచేవాడు. వెండే కావాలంటే మూడు రోజుల పని ముందు చూపమన్నాడు. నుప్తాయ మూడు రోజులూ నడుమెత్తకుండా ఇటుకలు కోసింది. మూడోనాటి సాయంత్రం చిన్న తునకను పిడికిట బిగించి ఇంటికి పరుగెత్తింది. గుమ్మంలో రీముతు కూర్చుని ఉన్నాడు. లేచి దారివ్వలేదు.

"అమ్మా, ఇక తొందర లేదు" అన్నాడు.

కొడుకును మట్టి చేసిన మర్నాడు ఆమె సూర్యోదయానికే గుంటకు వెళ్లింది. తునకను విసిరి, "నీ వెల నీవు పుచ్చుకో" అంది. మట్టి మాత్రం అడగలేదు.

ఎదుటి అంచున, చంకలో పసిబిడ్డతో గగాయ ఆ తునక పడిన చోటునే చూస్తోంది. నుప్తాయ మెల్లగా బురదలోకి దిగి సరిగ్గా అక్కడ నిలబడింది.

"జరుగు అత్తా, మట్టి తొక్కాలి."

"ఇక్కడ కాదే తల్లీ. అటు తొక్కుకో" అంటూ తన వాటా బార్లీరొట్టెను ఆమె చేతిలో పెట్టింది. పొద్దు వాలేదాకా ఆ చోటు విడిచి కదలలేదు.