ఇస్త్రీపెట్టె ఆగిన చోటు

బొంతలు కుట్టే ఆ పెద్దావిడకు కాలు ఒకచోట నిలవదు, చెయ్యి అసలే నిలవదు. పాతబట్టల ముక్కలు రెండు కలిపి కుట్టాక, కుట్టు అణగడానికి దానిమీద ఇస్త్రీపెట్టె ఆనించి ఎత్తాలి. ఆవిడ మాత్రం చొక్కాను రుద్దినట్టు బరబరా రుద్దేస్తుంది. నలుచదరంగా కత్తిరించిన ముక్క కాస్తా సాగిపోయి ఓ మూల నాలుక చాపుతుంది. "రుద్దకండి అత్తయ్యా, పెట్టి ఒక్క క్షణం ఆగండి," అని కోడలు నెత్తీనోరూ కొట్టుకునేది. "ఆగితే మాడదూ!" అనేది ఆవిడ, తడివేలితో పెట్టెను చుయ్యిమనిపిస్తూ.

కోడలిని కాన్పుకు తీసుకెళ్తూ కొడుకు, "నువ్వొస్తే అక్కడందర్నీ కంగారుపెడతావమ్మా, ఇంట్లోనే ఉండు," అన్నాడు. ఆవిడ వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి పుట్టబోయే బిడ్డకని కుట్టిన చిన్న బొంతను ఇస్త్రీకి వేసింది. రుద్దింది, తిప్పింది, మళ్ళీ రుద్దింది. ఇంతలో ఫోను మోగింది. అవతల కొడుకు ఫోను బిడ్డ దగ్గర పెట్టాడు. సన్నటి ఏడుపు. ఆవిడ ఊపిరి బిగబట్టి వింటూ నిలబడిపోయింది. మాడు వాసన ముక్కుకు తగిలి చూసుకునేసరికి, బొంత నడిమధ్య ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ.

ఇంటికొచ్చాక కోడలు, "దీనిమీద వేరే ముక్క వేసేద్దామా అత్తయ్యా?" అంది.

"వద్దు, ఉండనీ," అంది ఆవిడ, మనవణ్ణి భుజాన వేసుకుని గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తూ. "వీడి కోసం నేనూ ఒకసారి ఆగానని తెలియొద్దూ?"