పెదాలు చూసే మనిషి

తొంభైలలో మేము విదేశీ కార్టూన్లకు తెలుగు గొంతులిచ్చేవాళ్లం. మా డబ్బింగ్ సూపర్‌వైజర్ మొదట్లో యానిమేటరట, బొమ్మల నోళ్లు గీసేవాడట. హోసూరు నుంచి బెంగళూరుకు ఇద్దరం ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. ఎవరు మాట్లాడినా ఆయన చూపు పెదాల మీదే ఉండేది. ఒకనాడు సీట్లున్నాయి ఎక్కమని కండక్టరు పిలిస్తే, "అబద్ధమప్పా. మాటొక పక్క, నోరొక పక్క పోతా ఉంది" అన్నాడు. ఎక్కి చూస్తే నిలబడేందుకే చోటు లేదు.

అప్పట్నుంచి ఆయన ముందు నోరు విప్పాలంటే నాకు బెదురు.

ఒక సాయంత్రం తిరుగు బస్సులో అడిగాను.

"బొమ్మలు గీసేది ఎందుకు వదిలేసినారు సార్?"

ఆయన చేతిరుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నాకే ఇష్టం పోయిందప్పా. ఎవరూ పొమ్మనలేదు."

హోసూరు వచ్చేదాకా ఆ రుమాలు తియ్యలేదు.