నేను తప్పుగా చదివిన టెలిగ్రాం

చలి మొదలవగానే ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద స్వెట్టర్లు కుప్పలు పోస్తారు. ఆ కొత్త ఉన్ని వాసన తగిలితే చాలు, నా అడుగులు వాటంతటవే వడివడిగా పడతాయి.

బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, మధ్యాహ్నమయ్యేసరికి మా వరండా నిండా ఆడవాళ్ళే: గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ మా అమ్మ, పక్క వాటా యాదమ్మ, ఇంకో ఐదారుగురు, ఒళ్ళో మిలిటరీ రంగు ఉన్ని ఉండలు పెట్టుకుని, రేడియో వార్తలకు చెవులప్పగించి, వేయించిన వేరుశనగలు నములుతూ జవాన్లకు స్వెట్టర్లు అల్లేవారు. యాదమ్మ భర్త మల్లయ్య సిపాయి. ఉత్తరం వచ్చి నెల దాటింది. ఆమె ఒక వరుస అల్లేది, విప్పేది, లేచి సందు చివరిదాకా వెళ్ళి చూసి వచ్చేది.

ఒకరోజు ఆమెకు టెలిగ్రాం వచ్చింది. మగవాళ్ళంతా ఆఫీసుల్లో ఉన్నారు. అక్కడ ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే. మల్లయ్య గాయపడ్డాడని, పరిస్థితి బాగోలేదని, పూణే మిలిటరీ ఆస్పత్రిలో ఉన్నాడని రాసి ఉంది. నేను లోలోపల చదువుకుంటుంటే సూదులన్నీ ఆగిపోయాయి.

"ఏం రాసిన్రు బిడ్డా?" అంది యాదమ్మ.

ఆమె ముఖం చూసి, "సెలవు మీద వస్తున్నాడట," అనేశాను.

యాదమ్మ నన్నెత్తుకుని ముద్దు పెట్టుకుంది. అప్పటికప్పుడు బేగం బజారుకు వెళ్ళి నువ్వులు తెచ్చింది, సకినాలకు బియ్యం నానబోసింది, ఇల్లంతా కడిగింది. మర్నాడు పొద్దున ఆమె పాడుకుంటూ సకినాలు చుడుతుంటే వినలేక, అమ్మకు చెప్పేశాను. అమ్మ కొట్టలేదు. రెక్క పట్టుకుని తీసుకెళ్ళి యాదమ్మ ముందు నిలబెట్టి, "నువ్వే చెప్పవే," అంది.

చెప్పాను. యాదమ్మ పిండిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"నిన్ననే చెప్తే నిన్ననే రైలెక్కుతుంటి గద బిడ్డా," అంది, గొంతయినా పెంచకుండా.

ఆ సాయంత్రమే సందులో ఆడవాళ్ళంతా కలిసి ఆమెను రైలెక్కించారు. ఆ తర్వాత నేను రోజూ బడి నుంచి నేరుగా స్టేషన్‌కే పరుగెత్తేదాన్ని, దిగిన ప్రతి ఆడమనిషి ముఖంలోకీ చూసేదాన్ని. యుద్ధం అయిపోయిందని సందంతా మిఠాయి పంచుకుంటే నేను ముట్టలేదు. రెండు నెలలకు యాదమ్మ దిగింది, ఆమె భుజం పట్టుకుని ఒంటికాలితో మల్లయ్య దిగాడు.

ఆ తర్వాత ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా ఆమె నా దగ్గరికే తెచ్చేది. "ఉన్నది ఉన్నట్టు చదువు బిడ్డా," అనేది, నా కళ్ళలోకే చూస్తూ.

ఇప్పుడా సందులో వాటాల ఇళ్ళు లేవు, వరండాలు లేవు, అన్నీ మొబైల్ దుకాణాలే. టెలిగ్రాములూ లేవు, యాదమ్మా లేదు. మల్లయ్యకు కాలు తీసేసింది ఆమె చేరుకున్నాకా, చేరకముందా అని అడుగుదామని ఏళ్ళ తరబడి అనుకున్నాను. అడగలేదు.