సూదితో పొడిచిన కన్నాలు

ఏళ్ల తరబడి మోశాను. ఇక దించేస్తున్నాను. నువ్వెవరివో నాకు తెలియదు, అందుకే నీకు చెబుతున్నాను. యాభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

కాజీపేటకు దగ్గర్లోని కాశిబుగ్గలో ఒక దుప్పట్ల కంపెనీ. అక్కడ చేతిమగ్గాల మీద పెద్దమనిషిని నేను. ఏ రంగు వేయించాలన్నా సేటు నన్నే అడిగేవాడు. మార్కెటింగ్ అంటే అప్పట్లో క్యాలెండర్లు అచ్చు వేయించడం, సంచి పట్టుకుని దుకాణాలు తిరగడం. తర్వాత హైదరాబాద్ నుంచి స్రవంతి వచ్చింది. ఆమె గది తలుపుకు బోర్డు కొట్టారు. చీఫ్ మార్కెటింగ్ ఆఫీసర్. కూడబలుక్కుని చదివాను. మొదట్లో ఆమెను ప్రకటనల ఫొటోల కోసమే పిలిచేవారు. పోను పోను రంగు ఆమె మాట, ధర ఆమె మాట, ఏ సరుకు బయటికి పోవాలో అదీ ఆమె మాటే. కొనేవాళ్లతో మాట్లాడేది ఆమె కదా, వాళ్లకేం కావాలో ఆమెకే తెలుసు అనేవాడు సేటు. నిజమే. నాకు మాత్రం కడుపు మండేది.

ఆమెకు మగ్గం సంగతులు చెప్పింది నేనే. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా ఒక బద్ద పెడతాం. దాని చివరి ముళ్లు అంచుల్లో సన్నటి కన్నాలు వదులుతాయి. మా ఊరి మరమగ్గం దుప్పట్లకు అవి కనిపించవు. ఆమె దాన్నే పట్టుకుంది. అంచు చూడండి, చెయ్యి కనిపిస్తుంది అని ప్రకటన వేసింది. దాంతోనే మా దుప్పట్లకు పేరొచ్చింది.

ఒక పెద్ద హోటల్ తెల్ల దుప్పట్లు అడిగింది. గడువులోపు అవుతుందా అంటే, నా మాటకింకా విలువుందని చూపించుకోవాలని, అవుతుందన్నాను. కాలేదు. ఎవరికీ చెప్పకుండా మరమగ్గం దుప్పట్లు తెప్పించి, షెడ్డు తలుపేసుకుని, అంచుల వెంట సూదితో నేనే కన్నాలు పొడిచాను.

పంపేముందు స్రవంతి వచ్చింది.

"కాకా, ఇవన్నీ మన మగ్గాల మీదియేనా?"

"మనయే బిడ్డా. అంచు సూసుకో."

వేలితో తడిమి నవ్వింది. "నువ్వు చెప్పినంక నేను సూసుడేంది కాకా. జర చాయ్ తాగు, మొఖం పీక్కపోయింది."

మరమగ్గం సరుకని హోటల్ వాళ్లు పట్టేశారు. సరుకంతా తిరిగొచ్చింది. సేటు అందరి ముందు ఆమెను నిలబెట్టాడు. "బొమ్మలేసే పనిస్తే సరుకు మీద పెత్తనం జేస్తివి. ఎవర్ని అడిగి పంపినవ్?"

ఆమె నా వైపు చూసింది. "నేనే సూసి పంపిన సార్" అంది.

నా పేరు చెప్పలేదు. నమ్మి చెప్పలేదా? తెలిసీ చెప్పలేదా? ఒక్క మాట చాలు, గోడకానుకుని ఆ మాట మింగేశాను, భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను గానీ అసలు సంగతి అది కాదు, ఆమె పోతే సేటు మళ్లీ నన్నే అడుగుతాడనుకున్నాను. అడిగాడు కూడా. సంతోషపడ్డాను. ఇది రాయడమే అన్నిటికన్నా కష్టంగా ఉంది.

బోర్డు ఊడదీశారు. ఆమె కాజీపేటలో రైలెక్కి పోయింది. ఆ తర్వాత ఆ గదిలోకి వచ్చినవాళ్లెవరికీ సరుకు గురించి నోరెత్తే హక్కు లేదు. మొన్న కొత్తగా చేరినామె దుప్పటి అంచు తిప్పి చూస్తుంటే సేటు కసిరాడు. "పోస్టర్ల పని సూసుకో. గిట్లనే ఒకామె కంపెనీ పరువు దీసి పోయింది."

"తీసింది ఆమె గాదు. నేను" అన్నాను. సూది సంగతి మొత్తం చెప్పాను, కొత్తామె ముందే.

సేటు కొత్తామె చేతిలోని దుప్పటి తీసుకుని అంచు తిప్పి చూశాడు. "ఇప్పుడు జెప్పి ఏం జేస్తవ్ మామా" అన్నాడు చివరికి.

ఏం చేస్తాను? స్రవంతి ఎక్కడుందో కూడా తెలియదు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

ఆ తలుపుకు బోర్డు మేకుల కన్నాలు ఇంకా ఉన్నాయి. ఇన్నాళ్లూ తల దించుకుని దాటిపోయేవాణ్ణి. ఇవాళ ఆగి చూశాను. ఊపిరి ఆడింది.