నెమ్మది మనిషి

మా తొండుపల్లిలో విమానం నెత్తి మీదికొస్తే ఎక్కడి మాట అక్కడ ఆపేస్తాం. నోరు తెరిచినవాళ్లు తెరిచినట్టే ఉంటారు. అది వెళ్లిపోయాక ఆపిన అక్షరం నుంచే మళ్లీ మొదలుపెడతాం. చుట్టాలొచ్చి విమానంతో పోటీపడి అరుస్తుంటే మాకు జాలేస్తుంది. ఎయిర్‌పోర్టు మా ఊరికి నేర్పిన సంస్కారం ఇదొక్కటే.

కోడలిగా వచ్చిన కొత్తలో నాకది ఒంటబట్టలేదు. మాది బాలాపూర్. చిన్నప్పుడు గణేశుడి లడ్డూ వేలంలో పెద్దవాళ్లు పాడుతుంటే మధ్యలో దూరి నేనూ పాట పెంచబోతే, మా అమ్మ నా నోరు మూసి ఇంటికి ఈడ్చుకొచ్చింది. "నోరుగల్లదానా" అనే పిలిచేది నన్ను. పేరు పెట్టి పిలిచింది బళ్లో టీచర్లు మాత్రమే. పెళ్లిచూపుల్లో మా ఆయన్ని, ఆ మీసం సొంతదేనా అని అడిగాను. అయినా చేసుకున్నాడు, ఆయన ఖర్మ.

అలాంటిదాన్ని ఎప్పుడు చల్లారిపోయానో నాకే తెలియదు. కష్టం వచ్చిందా అంటే రాలేదు. వస్తే నలుగురికీ చెప్పుకుని ఏడ్చేదాన్ని. పొద్దున్నే లేవడం, వండడం, స్కూటీ మీద ఎయిర్‌పోర్టు రోడ్డులోని హోటల్‌కి వెళ్లి రిసెప్షన్‌లో నిలబడడం. అక్కడ నవ్వు కూడా యూనిఫాంలో భాగమే. డ్యూటీ అయ్యాక రెండూ విప్పేసి వచ్చేదాన్ని. తిండికి రుచి లేదు, నిద్రపోయి లేచినా అలసటే. ఎవరి పెళ్లికైనా వెళ్లాలంటే ఏ చీర కట్టుకోవాలో తేల్చుకోలేక చేతికందింది చుట్టుకునేదాన్ని. థైరాయిడ్ చూశారు, రక్తం చూశారు, మా అత్తమ్మ దిష్టి కూడా తీసింది. అన్నీ బాగానే ఉన్నాయట. సరే, వయసుతో పాటు బుద్ధి కూడా వచ్చిందేమో అనుకున్నాను.

ఊరు మాత్రం తెగ మెచ్చుకుంది. మా అత్తమ్మ ఏ పెళ్లికి వెళ్లినా, మా కోడలు శానా నెమ్మది మనిషి, గొంతు లేవదు అని చెప్పుకునేది. వినేవాళ్లు తమ కోడళ్ల వైపు ఉరిమి చూసేవాళ్లు. నా రోగానికి అంత మంచి పేరు వచ్చింది మరి.

దాన్ని పట్టుకున్నది మా ఆయన. వానాకాలంలో ఒకరోజు మా వాకిట్లోనే బండి జారి, తెల్ల చొక్కాతో సహా బురదలో బోర్లా పడ్డాడు. వాడకట్టంతా పగలబడి నవ్వింది. నేను తువ్వాలు తెచ్చిచ్చి లోపలికి వెళ్లిపోయాను. ఆయన నా వెనకే వచ్చి, బురద కారుతూ వంటింటి గడపలో నిలబడ్డాడు.

"నువ్వు నన్ను తిట్టక ఎన్నేండ్లైతుందో ఎరుకేనా నీకు?"

పెళ్లాం తిట్టడం లేదని బెంగపెట్టుకున్న మగవాణ్ణి అప్పుడే చూశాను. ఆయన నవ్వడం లేదు. అది చూసి నాకు భయమేసింది.

శంషాబాద్‌లో మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లాం. నాకు పిచ్చి లేదని సాక్ష్యం చెప్పడానికి అత్తమ్మ కూడా బయల్దేరింది. డాక్టరమ్మది కోస్తా వైపు, ప్రతి మాటకూ ఒక అండీ తగిలిస్తుంది. చివరిసారి మనసారా సంతోషపడింది ఎప్పుడండీ అని అడిగింది. అప్పుడే విమానం వచ్చింది. అలవాటు ప్రకారం ముగ్గురం ఆగాం. విమానం వెళ్లిపోయింది. అందరూ నా వైపు చూశారు. నేనింకా ఆగే ఉన్నాను. ఎంత వెనక్కి వెతికినా చెప్పడానికి ఒక్కటీ దొరకలేదు. ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని భోరున ఏడ్చాను.

అత్తమ్మ అందుకుని, నేను నెమ్మది మనిషినని చెప్పింది. పెళ్లికి ముందూ ఇలాగే ఉండేవారా అని డాక్టరమ్మ అడిగితే, మా ఆయన మీసం కథ ఎత్తుకున్నాడు. ఆమె నవ్వింది.

"ఇది మీ స్వభావం కాదండీ, జబ్బు."

ఈ దిగులు జబ్బు మంచాన పడేయదట, పని మాన్పించదట. సన్నగా ఏళ్ల తరబడి ఉండిపోతుందట. అందుకే మనిషి తీరే అంత అనుకుంటారట. మాత్రలతోనూ, కూర్చోబెట్టి మాట్లాడించే వైద్యంతోనూ తగ్గుతుందని, వారాలు పడుతుందని, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దని మరీమరీ చెప్పింది.

మొదట్లో నోరెండిపోవడం, కడుపులో తిప్పడం తప్ప ఇంకేమీ జరగలేదు. మాట్లాడించే ఆవిడ సాయంత్రాలు నడవమంది, ఇష్టమైన పని ఏదో ఒకటి చేయమంది. ఇష్టమేదో తెలిస్తే నీ దగ్గరికి ఎందుకొస్తాను తల్లీ అనుకున్నాను. తిట్టుకుంటూనే నడిచాను.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, పప్పులో ఉప్పు తక్కువైందని అత్తమ్మ అంది. ఉప్పు డబ్బా నీ పక్కనే ఉంది, చేతులు లేవా అనేశాను. మా ఆయన ముద్ద నోటి దగ్గరే ఆపి, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. ఉప్పు నిజంగానే తక్కువైంది. ఆ సంగతి నా నాలుకకూ తెలిసింది.

అత్తమ్మ కంచం పక్కకు జరిపింది.

"ఆ గోలీలు బంద్ చెయ్ బిడ్డా. మునుపే మంచిగుంటివి."

కోపంతో కాదు, బాధతో అంది.  గోలీలు ఆపేస్తే చాలు, మళ్లీ అందరికీ మంచిదాన్నైపోతాను. సరే అనడానికి నోరు తెరిచాను కూడా.

విమానం వచ్చింది. అత్తమ్మ ఆగింది, మా ఆయన ఆగాడు. నేను ఆగలేదు.

"మునుపు మంచిగ లేను అత్తమ్మా! చప్పుడు చెయ్యలేదంతే!"

ఆమెకు వినిపించలేదు. చప్పుడు తగ్గాక, ఏందన్నవ్ అని అడిగింది. మెల్లగా మళ్లీ చెప్పాను.  ఆమె కంచం దగ్గరికి లాక్కుని, ఉప్పు వేసుకుని పప్పన్నం కలిపింది. గిన్నేండ్లు నాకెందుకు చెప్పలేదే అంది. నాకు తెలిస్తే కదా అన్నాను.

ఊళ్లో ఇప్పుడు నా పేరు చెడింది. పెళ్లిళ్లలో అత్తమ్మ నా ఊసే ఎత్తదు. మా అమ్మ మాట ఈమెకు ఎవరు మోశారో గానీ, రోజూ అన్నాలయ్యాక మంచినీళ్ల గ్లాసు నా ముందు పెట్టి అడుగుతుంది:

"నోరుగల్లదానా, గోలి ఏసుకున్నవా?"