ఏప్రిల్‌లో స్వెటర్

చలికాలం మొదలవగానే మా ఆసుపత్రి బెంచీల మీద ఒక చప్పుడు మొదలవుతుంది. ఎవరో ఒకరు పిక్కల మీద గోళ్లతో గీరుకుంటూ ఉంటారు. ఎండిన టేకాకు మీద పుల్లతో గీసినట్టుంటుంది. ఘుగ్గుస్ నుంచి వచ్చిన సిమెంటు పనివాళ్లో, లాల్‌పేట్ గని ఇళ్లలోని ముసలివాళ్లో అయి ఉంటారు. చీటీలు రాస్తున్న నాకు ఆ చప్పుడు వినగానే చేయి ఆగిపోతుంది, నా మోచేతులు నాకే దురద పెడతాయి. మహారాష్ట్రలోని ఈ చంద్రపూర్‌లో ఇరవై ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. ఇప్పటికీ ఆ చప్పుడు వింటూ కుర్చీలో కూర్చోలేను. లేచి వాళ్ల దగ్గరికి వెళ్తాను. వెళ్తున్నప్పుడు సరోజన పెద్దమ్మ నన్ను వెనక నుంచి తోస్తున్నట్టే ఉంటుంది.

ఆమె మాకు చుట్టం కాదు. మా నాన్న మంచిర్యాల వైపు నుంచి వచ్చి లాల్‌పేట్ బొగ్గు గనిలో పనికి కుదిరాడు. మా వరసలో మూడో ఇల్లు ఆమెది. కాలనీ దవాఖానాలో నర్సు. తెల్లచీర కట్టుకుని, చెప్పులు టకటకలాడించుకుంటూ ఎప్పుడూ పరుగు మీద ఉండేది. అందరికీ ఆమె సరోజన సిస్టర్. అమ్మ అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ.

నాకు తొమ్మిదేళ్లప్పటి మాట. దీపావళి వెళ్లిందంటే నా పిక్కలు, మోచేతులు తెల్లగా పొట్టు లేచేవి. బడిలో కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. ఒక కాలితో ఇంకో కాలిని రుద్దుకుంటూ బెంచీ అంతా కదిలించేదాన్ని. ఆ తెల్లటి పొట్టును అమ్మ మురికి అనుకునేది. పొద్దున, సాయంత్రం కాగిన నీళ్లు పోసి, బట్టల సబ్బు పెట్టి, పీచుతో తోమేది. నీళ్లు పడుతున్నంతసేపు హాయిగా ఉండేది. తుడుచుకున్న కాసేపటికి చర్మం డోలు తోలులా బిగుసుకుని, నవ్వితే బుగ్గలు చిట్లేవి.

ఒకరోజు నల్లా దగ్గర అమ్మ పక్కన నీళ్ల కోసం నిలబడి గీరుకుంటుంటే సరోజన పెద్దమ్మ నా చేయి పట్టుకుంది.

"ఏందే, రక్తం వచ్చేదాంక గీక్కుంటున్నవ్? రాధా, గీ పిల్లకు నీళ్లెట్ల పోస్తున్నవ్?"

"సలసల కాగినయి పోస్తున్న అక్కా. రోజుకు రెండుసార్లు. ఎంత తోమినా మురికి పోతలేదు," అంది అమ్మ.

"గది మురికి గాదు చెల్లే. తోలు ఎండి పొట్టు లేస్తుంది. చలిగాలి ఒకదిక్కు, బోరు నీళ్లొకదిక్కు, నువ్వు తోముడొకదిక్కు. ఒంట్ల ఉన్న కొద్దిపాటి జిడ్డును గూడ నువ్వే కడిగేస్తున్నవ్. గోరువెచ్చటి నీళ్లు ఒక్కసారి పొయ్యి, చాలు. ఒంటి సబ్బు తే, అది గూడ చంకలకు, పాదాలకు, అరచేతులకే. తువ్వాలతోని అద్దు, రుద్దకు. తడి ఆరకముందే కొబ్బరినూనెనో, పెట్రోలియం జెల్లీనో పుయ్యి. ఉన్ని స్వెటర్ కింద నూలు అంగీ తొడుగు. గోర్లు కత్తిరించు."

"ఊరంత కాగిన నీళ్లే పోసుకుంటరు. నా బిడ్డకే పడవా?"

"అందరి తోలు ఒక్క తీరుగ ఉండదు. నీ దగ్గర నుంచే వచ్చిందేమో, ఎవరికి ఎరుక?"

అమ్మ ముఖం మాడిపోయింది. బిందె నిండకుండానే ఎత్తుకుని నన్ను లాక్కుపోయింది. ఆ వారమంతా నీళ్లు ఇంకా వేడిగా పోసింది.

ఆ వారంలోనే బడిలో నా పక్కన కూర్చునే పిల్ల లేచి, నాకు ఖరూజ్ ఉందని బాయికి చెప్పింది. ఖరూజ్ అంటే మరాఠీలో గజ్జి. బాయి అంటే మా టీచరమ్మ. ఆమె నన్ను గోడ పక్కన గోనెపట్టా మీద విడిగా కూర్చోబెట్టింది. ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గేసి, దవాఖానా మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పెద్దమ్మ సంగతంతా చెప్పించుకుంది. మర్నాడు మూడో గంట కొట్టిన వెంటనే తెల్లచీరతో మా తరగతిలోకి వచ్చింది. "బాయీ, హే ఖరూజ్ నాహీ. కోరడీ త్వచా ఆహే," అంది. ఇది గజ్జి కాదు, పొడి చర్మం అని. నన్ను ముందుకు పిలిచి, పావడా మోకాళ్ల దాకా ఎత్తి, నా పిక్కలకు జెల్లీ పూసింది. చేతికి మిగిలినదాన్ని అందరూ చూస్తుండగా తన రెండు బుగ్గలకూ పూసుకుంది. బాయి తల దించుకుని నన్ను నా బెంచీకి పంపింది.

నేను గెలిచినట్టు ఇంటికి వచ్చాను. అమ్మకు మాత్రం సంగతి అప్పటికే తెలిసిపోయింది. ఆమె గడపలోంచే పెద్దమ్మ ఇంటివైపు అరిచింది. "నా బిడ్డ కాళ్లు బడంతా చూపిచ్చినవ్. తల్లి ఒకతి ఉన్నదని యాదికి లేదా? ఒక్క మాట నన్ను అడగొద్దా?" పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి, విని, లోపలికి వెళ్లిపోయింది. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. నల్లా దగ్గర ఒకరు వస్తే ఒకరు తప్పుకునేవాళ్లు. మధ్యలో నేను కాలు కాలిన పిల్లిలా తిరిగేదాన్ని. అయితే మరుసటి ఆదివారం అమ్మ నా మీద పోసిన నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. పీచు కనబడలేదు. కొబ్బరినూనె గిన్నె పక్కనే ఉంది. ఆ చలికాలం గడవకముందే నా పిక్కలు నున్నబడ్డాయి.

రెండేళ్లు గడిచాయి. ఈసారి అమ్మ చర్మం ఎండటం మొదలైంది. కాళ్లు చేప పొలుసుల్లా అయ్యాయి, మడమలు పగిలాయి. నాకు రాసినట్టే తనకూ నూనె రాసుకునేది, తగ్గేది కాదు. వరస ఇళ్ల వాళ్లందరూ బొగ్గుదుమ్ము వల్లే అన్నారు, వయసు అన్నారు. అమ్మ మధ్యాహ్నం పొయ్యి ముందే నిద్రపోయేది. ఏప్రిల్ వచ్చింది. చంద్రపూర్ ఎండకు నాన్న తడి తువ్వాలు కప్పుకుని పడుకుంటుంటే, అమ్మ స్వెటర్ వేసుకుని తిరిగేది. అది చూసి మేం నవ్వేవాళ్లం. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

ఒక ఉదయం అమ్మ నన్ను పిలిచింది. ఆ పిలుపు విని సరోజన పెద్దమ్మ నల్లా కింద బిందె వదిలేసి, రెండేళ్లలో మొదటిసారి మా ఇంట్లోకి వచ్చింది.

"రాధా, నీ గొంతేమైంది? మొగోని గొంతు లెక్క అయింది. గీ ఎండల స్వెటర్ ఏంది?"

అమ్మ ముఖం తిప్పుకుంది. పెద్దమ్మ వంగి ఆమె కాలి మీద చేయి పెట్టింది. "చల్లగున్నది. రాధా, గిది ఒట్టి పొడి తోలు గాదు. నూనెతోని పోయేది గాదు. లోపల ఏదో ఉన్నది. రక్తం చూపియ్యాలె."

"అప్పుడు నా బిడ్డ కాళ్లు చూపిచ్చినవ్, ఇప్పుడు నా రక్తం చూపిస్తవా?"

పెద్దమ్మ ఆమె పక్కన కింద కూర్చుంది. "గా రోజు తప్పు చేసిన. నిన్ను అడగకుంట పోయిన. గిప్పుడు అడుగుతున్న చెల్లే. వస్తవా?"

అమ్మ లేచి, స్వెటర్ మీదే చీర సర్దుకుంది.

థైరాయిడ్ బాగా తగ్గిపోయిందని తేలింది. రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకోమన్నారు. ఇంకా ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టరు నాన్నతో అన్నాడట. వానాకాలానికల్లా అమ్మ కాళ్ల మీద పొలుసులు పోయాయి, తిట్లు తిరిగి వచ్చాయి. ఆమె సరోజన పెద్దమ్మకు కృతజ్ఞతలు చెప్పగా నేను వినలేదు. నల్లా వచ్చినప్పుడు పెద్దమ్మ డ్యూటీలో ఉంటే మాత్రం ఆమె బిందె కూడా నింపి గడప ముందు పెట్టేది.

నేను నర్సునయ్యేసరికి పెద్దమ్మ ఉద్యోగం ముగించుకుని సిర్పూర్ వైపు కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఘుగ్గుస్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఒళ్లంతా పొడిబారి దురద. సిమెంటు దుమ్మే కారణమనుకుని, డాక్టరుకు కూడా చూపించకుండా, స్నానం ఎలా చేయాలో, నూనె ఎప్పుడు రాయాలో గడగడా చెప్పి పంపేశాను. ఆయన వెళ్లాక మంచినీళ్ల కుండ చూస్తే సగమైంది. కూర్చున్న అరగంటలో ఆయన ఎన్నిసార్లు లేచి నీళ్లు తాగాడో అప్పుడు గుర్తొచ్చింది. అంత దాహం, ఆ దురద కలిపి చూస్తే షుగర్ కావచ్చు. గేటు దాకా పరుగెత్తాను. ఆటో వెళ్లిపోయింది. నాకు దిక్కు తోచక పెద్దమ్మకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను.

"మనిషి దొరికిండా?" అంది.

"లేడు పెద్దమ్మా. వెళ్లిపోయిండు."

"మరి నాతోని ముచ్చట పెట్టుకుంట కూసున్నవేంది? పో, వెతుకు," అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు సెలవు పెట్టి ఘుగ్గుస్ బస్సెక్కాను. మా చీటీల పుస్తకంలో ఉన్న పేరు పట్టుకుని లారీలు ఆగే చోటల్లా అడిగాను. సాయంత్రానికి రేకుల ఇంటి ముందు మంచం మీద కనిపించాడు. కాలి వేలికి పుండు ఉంది, నాకు చూపించనే లేదు. "నూనె రాస్తున్న బిడ్డా," అన్నాడు, ఏదో తప్పు చేసినవాడిలా. ఆయన్నూ కొడుకునూ వెంటబెట్టుకుని వచ్చాను. షుగర్ చాలా ఎక్కువగా ఉంది. వేలు తీసేయాల్సి వచ్చింది, కాలు దక్కింది.

పెద్దమ్మ పోయి నాలుగేళ్లయింది. నా పనిలో నెమ్మది లేదని తోటి నర్సులు అంటారు. చీటీ రాసిచ్చి పంపాక కూడా వాళ్ల వెనకే బయటికి వెళ్తాను. ఆటో ఎక్కుతున్నవాళ్లను ఆపి, దాహం ఎక్కువవుతోందా, బరువు తగ్గారా, పుండ్లు మానుతున్నాయా అని అడుగుతాను. చాలామందిది ఒట్టి పొడి చర్మమే. విసుక్కుంటారు. ఆటోవాడు హారన్ కొడతాడు. నేను ఆటో కడ్డీ పట్టుకునే ఉంటాను, జవాబు వచ్చేదాకా.